పుస్తకములు మెట్లు దిగిన భవనము

పాత భవనముల ఆయువు రెండు విధముల గడచును. కొన్ని తాము పుట్టిన పనిలోనే ముసలివగును. కొన్ని, ఆ పని తీరిపోయిన పిమ్మట, వేరొక పనికి ఒదిగి బ్రతుకును. రాజులు విడిచిన కోటలలో కచేరీలు నడచుటయు, జమీందారుల దివాణములలో కళాశాలలు వెలయుటయు మనదేశమున అందరును ఎరిగినదే. అయితే ఇట్టి మార్పులలో భవనమునకును కొత్త పనికిని సాధారణముగా చుట్టరికము ఉండదు. గోడలున్నవి, కప్పున్నది, వాడుకొనుచున్నాము, అంతే. తన పాత పనికి వారసుడనదగిన పనినే చేపట్టిన భవనము అరుదు. ఇంగ్లండుదేశమున ఆక్సుఫర్డు నగరమందలి బోడ్లియన్ గ్రంథాలయము అట్టి అరుదైన కట్టడములలో ఒకటి. విద్యార్థులు నోటితో వాదించి పట్టములు పొందుటకై కట్టిన శాలలు అచట మెల్లమెల్లగా గ్రంథాలయములో కలిసిపోయినవి. ఇది ఒక ఉత్తరువుతో ఒకనాట జరిగిన మార్పు కాదు. దీనికి రమారమి నాలుగు శతాబ్దులు పట్టినది. ఆ చరిత్ర అంతయు ఆ భవనపు కప్పులలో, కిటికీలలో, ద్వారములపై నేటికిని కనిపించును.

ముందుగా ‘స్కూలు’ అను మాటను గూర్చి కొంచెము చెప్పవలెను. మనకు స్కూలనగా పిల్లల బడి. మధ్యయుగపు ఆక్సుఫర్డులో ఆ మాటకు అర్థము వేరు. ఒక్కొక్క శాస్త్రమును బోధించుటకును, అందు పరీక్ష జరుపుటకును ఏర్పడిన శాలకే స్కూలని పేరు. తర్కమునకొక శాల, వ్యాకరణమునకొక శాల, వైద్యమునకొక శాల. అది అచ్చుయంత్రము లేని కాలము. పుస్తకమనగా చేతివ్రాత ప్రతి; దాని వెల మిక్కుటము. కావున అధ్యాపకుడు గ్రంథమును చదువుచు వ్యాఖ్యానించును. విద్యార్థి విని మనసున నిలుపుకొనును. పరీక్షయు నోటిమాటయే. ఒక సిద్ధాంతమును నిలుపువాడొకడు, దానిని ఖండించువాడొకడు, మధ్యస్థుడుగా కూర్చుండి తీర్పు చెప్పు పెద్ద ఒకడు. మన పండితసభలలో శాస్త్రార్థములు జరిగిన తీరు విన్నవారికి ఈ పద్ధతి కొత్తగా తోచదు. ఇట్టి విద్యకు కావలసిన భవనమెట్టిది? మాట నలుమూలలకును వినిపించునట్టి పెద్ద శాల కావలెను. వాదించువారి ముఖములు కనిపించుటకు చాలినంత వెలుతురు కావలెను. పుస్తకముల అలమారులతో దానికి పనిలేదు.

ఆ శాలలలో మిక్కిలి గొప్పది దైవశాస్త్రశాల. డివినిటీ స్కూలను పేర నేటికిని చెక్కుచెదరక నిలిచియున్నది. దాని నిర్మాణము 1420ల దశాబ్దిలో ఆరంభమై 1488లో ముగిసెను. అరువది ఏండ్లకు పైగా ఒక్క శాలను కట్టుట విడ్డూరముగా తోచవచ్చును. కారణము ధనాభావము. విశ్వవిద్యాలయమునకు సొంత రాబడి చాలదు. బిషప్పులను, మఠములను, ప్రభువులను చందాలడుగుచు, సొమ్ము వచ్చినపుడు కట్టుచు, రానపుడు ఆపుచు పని సాగించిరి. తొలి శిల్పి రిచర్డు వించికూంబు. అతని పిమ్మట 1440లో థామస్ ఎల్కిన్ అనునతడు పని చేపట్టెను. అనవసరములైన చెక్కడములు మానివేసి సాదాగా కట్టవలెనని విశ్వవిద్యాలయము అతనితో ఒడంబడిక చేసికొనెను. ఒకే శాలలో కొంత మేర నిండు చెక్కడమును, కొంత మేర నునుపు రాతిని మనము చూచుటకు కారణమిదే. ధనము తగ్గిన చోటును రాయియే చెప్పుచున్నది.

1478లో లండను బిషప్పు థామస్ కెంపు వెయ్యి మార్కుల విరాళమిచ్చుటతో పని తిరిగి ఊపందుకొనెను. అపుడు వేసిన రాతికప్పే ఆ శాలకు కీర్తి తెచ్చినది. దానిని కట్టినవాడు విలియం ఆర్చర్డు అని చరిత్రకారుల మతము. వెడల్పైన కమానులు శాలను అడ్డముగా అంకణములుగా విభజించును. కమానునుండి కమానునకు సన్నని రాతిబద్దలు నక్షత్రముల ఆకృతిలో అల్లుకొని పోవును. నడుమ నడుమ రాతికుచ్చులు వ్రేలాడుదీపములవలె క్రిందికి దిగును. రాతిబద్దలు కలిసికొను ప్రతిచోటను ఒక బొడిపె కలదు. అట్టి బొడిపెలు 455. వానిపై దాతల వంశచిహ్నములు, పేళ్ల పొడియక్షరములు, మృగములు, ముఖములు చెక్కబడియున్నవి. చందాల పుస్తకమును మనము కాగితముపై వ్రాసికొందుము. వారు దానిని కప్పుపై వ్రాసికొనిరి. 2001లో వెలువడిన హారీ పాటర్ చలనచిత్రమున ఈ శాలను వైద్యశాలగా చూపిరి. ఆ చిత్రమును చూచినవారు ఈ కప్పును ఎరుగకయే చూచియుందురు.

ఇక పుస్తకముల మాట. అయిదవ హెన్రీ రాజునకు తమ్ముడైన గ్లాస్టరు ప్రభువు హంఫ్రీ విద్యాప్రియుడు. ఆయన 1444 నాటికి 280కి పైగా వ్రాతప్రతులను విశ్వవిద్యాలయమునకు దానము చేసెను. ఆనాటికి అది పెద్ద నిధి. అంతకుముందు విశ్వవిద్యాలయపు పుస్తకములు సెయింట్ మేరీ చర్చినంటిన చిన్నగదిలో ఉండెడివి. ఆ గది చాలదు. కట్టుచున్న దైవశాస్త్రశాలమీద మేడగదిని లేపి అందు పుస్తకములుంచుదమని 1444లో నిశ్చయించిరి. హంఫ్రీ 1447లో మరణించెను. మేడగది తెరచినది 1488లో.

ఈ రెండు గదులను ఒకదాని వెంట ఒకటి చూచినచో ఆనాటి విద్యాస్వరూపము కన్నులకు కట్టును. క్రిందిశాల కిటికీలు విశాలమైనవి. గదినిండ వెలుగు పరచుకొనును. అవి సభకొరకు పెట్టిన కిటికీలు. మీదిగది కిటికీలు చిన్నవి. దగ్గరదగ్గరగా, రెండువైపుల ఎదురెదురుగా ఉన్నవి. కిటికీకిని కిటికీకిని నడుమ ఒక చదువుబల్ల పట్టును. ఒక్కొక్క కిటికీ ఒక్కొక్క పాఠకునికి వెలుగునిచ్చును. అవి ఏకాంతముకొరకు పెట్టిన కిటికీలు. నేలకు దూరముగా ఉండుటచే చెమ్మ తగులదు, దొంగకు అందదు. క్రింద మాట, మీద వ్రాత. ఈ అంతరువును మనసున ఉంచుకొనిన చాలును, తరువాతి కథ అంతయు బోధపడును.

ఆ మేడగదికి నూరేండ్లయినను నిండు బ్రతుకు దక్కలేదు. మతసంస్కరణము సాగుచుండిన దినములలో, 1550లో, ఆరవ ఎడ్వర్డు రాజు పంపిన అధికారులు ఆక్సుఫర్డునకు వచ్చిరి. వారికి ముఖ్యుడు క్రైస్టు చర్చి కళాశాలకు డీనుగా ఉండిన రిచర్డు కాక్సు. పాతమతపు వాసన తగిలిన గ్రంథములను తొలగించుట వారి పని. పుస్తకములు చెల్లాచెదరయ్యెను. కొన్ని తగులబడెను, కొన్ని తోలు వెలకు, కాగితపు వెలకు అమ్ముడయ్యెను. అచ్చుపుస్తకములు వ్యాపించుటచే వ్రాతప్రతులపై గౌరవము తగ్గియుండుటయు ఈ అనాదరమునకు తోడ్పడెను. 1556లో ఖాళీ బల్లలనుగూడ అమ్మివేసిరి. హంఫ్రీ ప్రభువిచ్చిన గ్రంథములలో తిరిగి ఆ గ్రంథాలయమునకు చేరినవి వ్రేళ్లపై లెక్కింపదగినవే. గోడలలో ఒక్క రాయియు కదలలేదు, కప్పు కూలలేదు, కిటికీలు ఎప్పటివలె వెలుగునిచ్చుచుండెను. గ్రంథాలయము మాత్రము చచ్చిపోయెను. భవనమొకటి, గ్రంథాలయమొకటి అని ఆ నలువది ఏండ్ల శూన్యము చాటిచెప్పెను.

ఆ శూన్యమును నింపినవాడు సర్ థామస్ బోడ్లీ. 1545లో జన్మించి, ఆక్సుఫర్డులో మెర్టన్ కళాశాలయందు అధ్యాపకుడుగా ఉండి, పిమ్మట ఎలిజబెత్ రాణికి రాయబారిగా విదేశములలో పనిచేసినవాడు. చేపల వర్తకమున ధనమార్జించి మరణించిన ఒక వర్తకుని భార్యను వివాహమాడుటచే ఆయనకు సంపద చేకూరెను. రాచకార్యములతో విసిగి, ఇక జీవితశేషమును దేనికి వినియోగింతునని ఆలోచించి, 1598లో ఆయన విశ్వవిద్యాలయమునకొక లేఖ వ్రాసెను. పాడుపడిన ఆ పాత గ్రంథాలయమును నా ఖర్చులతో పూర్వస్థితికి తెత్తునని దాని సారాంశము. కొయ్యపని అంతయు కొత్తగా చేయించెను. కప్పుపలకలపై విశ్వవిద్యాలయ చిహ్నమును, తన వంశచిహ్నమును వ్రాయించెను. పెద్ద పుస్తకములను ఇనుపగొలుసులతో అలమారులకు బంధించెను; చదువువాడే పుస్తకము చెంతకు రావలెను గాని పుస్తకము కదలరాదు. 1602 నవంబరు 8వ తేదీన రెండువేలకు పైబడిన పుస్తకములతో గ్రంథాలయము తెరవబడెను. తొలి గ్రంథపాలకుడు థామస్ జేమ్సు. 1605లో ఆయన కూర్చిన గ్రంథాల పట్టిక అచ్చయ్యెను.

బోడ్లీ ఘనత ధనమిచ్చుటలో కంటె ముందుచూపులో అధికముగా కలదు. హంఫ్రీ ప్రభువు పుస్తకములిచ్చెను గాని వానిని కాచుటకు ఏర్పాటు చేయలేదు. బోడ్లీ ఆ లోపమును గుర్తించెను. లండను ఇండ్లును, ఒక భూమియును గ్రంథాలయమునకు ఆస్తిగా వ్రాసియిచ్చెను. 1610లో లండను నగరపు పుస్తకవర్తకుల సంఘముతో ఒప్పందము చేసికొనెను. వారి పట్టీలో చేరిన ప్రతి కొత్త పుస్తకమునందును ఒక ప్రతి ఆక్సుఫర్డునకు చేరవలెనని దాని నియమము. 1604లోనే ఒక చీనా పుస్తకము గ్రంథాలయమునకు చేరినది. దానిని చదువగలవాడు ఆనాటి ఆక్సుఫర్డులో ఒక్కడును లేడు. ఐనను ఎన్నటికైన ఒకడు రాకపోడని దానిని భద్రపరచిరి.

నిప్పు విషయమున ఆయన నియమము మరింత కఠినము. గ్రంథాలయములోనికి నిప్పు తేనని, మంట వెలిగింపనని ప్రతి పాఠకుడును ప్రమాణము చేయవలెను. నేటికిని కొత్త పాఠకులు ఆ ప్రమాణము చేయుచున్నారు. 1845 వరకు ఆ గదులలో వెచ్చదనమునకు ఏ ఏర్పాటును లేదు. 1929 వరకు దీపము లేదు. సూర్యుడున్నంత సేపే చదువు. ఇంగ్లండు చలికాలమున పగలు ఎంత కురుచయో తలచుకొనినచో, కిటికీల చెంత చలికి ముడుచుకొని చదివిన ఆ పండితుల నిష్ఠ తెలియగలదు.

ఏటేట పుస్తకములు వచ్చుచుండగా చోటు చాలలేదు. 1610–12 సంవత్సరములలో మేడగది తూర్పుకొనకు అడ్డముగా ఒక కొత్తగదిని బోడ్లీ కట్టించెను. దానికి ఆర్ట్సు ఎండని పేరు. అందు అలమారులు గదికి అడ్డముగా గాక గోడల పొడవునను నేలనుండి కప్పువరకు నిలిచినవి. చిన్నపుస్తకములకై మీద నడవ. ఇంగ్లండులో గోడలవెంబడి ఇట్లు పుస్తకములు అమర్చిన గదులలో నిలిచియున్న అతి ప్రాచీనమైనది ఇదియే. మన ఇండ్లలో గోడకానించి పుస్తకముల బీరువా పెట్టుకొను అలవాటునకు ఇట్టి గదులే పూర్వులు.

ఆ గది కిటికీలనుండి తూర్పుగా చూచినచో ఆనాడు కనిపించినవి విశ్వవిద్యాలయపు పాతశాలలు; జీర్ణస్థితిలో ఉండెను. వానిని తీసివేసి కొత్తశాలలు కట్టింపవలెనని బోడ్లీ పట్టుపట్టెను. 1613 జనవరిలో ఆయన మరణించెను. మార్చి 29వ తేదీన మెర్టన్ కళాశాల చర్చిలో ఆయనను సమాధి చేసిరి. మరునాడే, 30వ తేదీన, కొత్తశాలలకు శంకుస్థాపన జరిగెను. యార్కుషైరు ప్రాంతపు హాలిఫాక్సు నుండి వచ్చిన జాన్ ఆక్రాయిడ్, బెంట్లీ సోదరులు ఆ పని చేసిన శిల్పులు.

ఆ కట్టడము మన మండువా లోగిలిని తలపునకు తెచ్చును. నడుమ ఆకాశమునకు తెరచిన ముంగిలి. పడమట ఆర్ట్సు ఎండు ముందుగోడ. తక్కిన మూడువైపుల మూడంతస్తుల కొత్త కట్టడము. నేలమీదను, మొదటి మేడలోను శాస్త్రశాలలు. ద్వారములపై లాటిను భాషలో ఆయా శాస్త్రముల పేళ్లు వ్రాయబడియున్నవి. నీతిశాస్త్రశాల, ప్రకృతిశాస్త్రశాల, సంగీతశాల, తర్కశాల, వ్యాకరణ చరిత్రల శాల, ఆధ్యాత్మశాస్త్రశాల, ఇట్లు ముంగిలి చుట్టును తిరిగివచ్చినచో ఆనాటి పాఠ్యక్రమమంతయు చదివినట్లే. విషయసూచికను గోడలుగా కట్టినారనవచ్చును.

తూర్పున సింహద్వారము. దానిపై గోపురము. గోపురపు ముఖమున క్రిందినుండి మీదికి అయిదు శ్రేణుల జంటస్తంభములు కలవు. టస్కన్, డోరిక్, అయొనిక్, కొరింథియన్, కాంపోజిట్ అను అయిదు ప్రాచీన స్తంభరీతులు ఒకదానిపై ఒకటి నిలిచినవి. మన దేవాలయ గోపురమున అంతస్తుపై అంతస్తు లేచినట్లు లేచినను, ఇచట ప్రతి అంతస్తును ఒక పాఠము. శిల్పవిద్యార్థికి అది నిలువెత్తు వాచకము. మీది భాగమున మొదటి జేమ్సు రాజు సింహాసనముపై కూర్చుండి, ఒకవైపు కీర్తికన్యకును, ఒకవైపు విశ్వవిద్యాలయమునకును తన గ్రంథములనిచ్చుచున్నట్లు విగ్రహములున్నవి. విచిత్రమేమనగా, స్తంభములు రోము, గ్రీసు రీతులవి. ఆ చుట్టును గల కిటికీలు, పిట్టగోడలు, శిఖరములు మాత్రము పాత గాథిక్ రీతివి. కొత్తరుచి ద్వారము దాక వచ్చెను గాని ఇల్లంతయు ఆక్రమింపలేదు. విశ్వవిద్యాలయములు కొత్తదనమును స్వీకరించు తీరు సాధారణముగా ఇట్టిదే.

మూడవ అంతస్తు సంగతి ముఖ్యమైనది. శాలలకు రెండంతస్తులు చాలును. మూడవది బోడ్లీ తన మరణశాసనమున ధనము వ్రాసి కట్టించినది. ఆనాడు దానిని నింపుటకు పుస్తకములు లేవు. ముందెన్నడైన రాబోవు పుస్తకములకై ఆయన ఆ చోటును కొని ఉంచెను. అంతవరకు అందు చిత్రపటములుంచిరి. సామాన్యులు చూచుటకు వీలైన చిత్రశాలలలో ఇంగ్లండున అది తొలివాటిలోనిది. గోడ పైభాగమున చుట్టును సుమారు 200 మంది గ్రంథకర్తల ముఖములను రంగులతో వ్రాయించిరి. 1830లో వానిపై సున్నము మెత్తబడెను. 1949లో సున్నము తీయగా ఆ ముఖములు మరల వెలుగు చూచెను.

1630ల దశాబ్దిలో మేడగది పడమటి కొనకును ఇంకొక అడ్డుగది చేరెను. అచట జాన్ సెల్డన్ అను పండితుని గ్రంథసంపద చేరుటచే దానికి సెల్డన్ ఎండని పేరు వచ్చెను. తూర్పున ఆర్ట్సు ఎండు, పడమట సెల్డన్ ఎండు, నడుమ హంఫ్రీ మేడగది. ఈ మూడును కలిసి ఆంగ్లాక్షరమైన హెచ్ ఆకారమయ్యెను. ఇంతవరకు పాత అంతరువు చెడలేదు. క్రింద శాలలు, మీద పుస్తకములు.

ఇంతలో అంతర్యుద్ధము వచ్చెను. మొదటి చార్లెసు రాజు 1642 మొదలు ఆక్సుఫర్డునే తన రాజధానిగా చేసికొనెను. శాస్త్రశాలలు కొన్ని ధాన్యపు కొట్లయ్యెను, కొన్నిట సైనికుల దుస్తులు కత్తిరించిరి. 1645లో రాజు గ్రంథాలయమునుండి ఒక చరిత్రగ్రంథమును ఎరువు తెమ్మనెను. పుస్తకము బయటికి పోరాదను నియమమును గ్రంథపాలకుడు జాన్ రౌజు రాజునకు చూపెను. రాజు ఊరకుండెను. 1654లో క్రాంవెలు పక్షమున అట్టి కోరికయే వచ్చినపుడును అదే సమాధానము. పరుల చేతికి పోయిన పుస్తకము తిరిగిరాదని మన పెద్దలు చెప్పిన మాటను అచటివారు రాజునకు, రాజును కూల్చినవానికి సమానముగా వర్తింపజేసిరి. 1646లో నగరము పార్లమెంటు సేనకు లొంగినపుడు సేనాని ఫెయిర్ ఫాక్సు మొట్టమొదట చేసిన పనులలో ఒకటి గ్రంథాలయమునకు కాపలా పెట్టుట. 1550లో లేనిదేది, 1646లో ఉన్నదేది అని చూచినచో బోడ్లీ కట్టినది గోడలను మాత్రమే కాదని తెలియును.

పుస్తకము తేలికగా కనిపించును గాని గ్రంథాలయము బరువైనది. దైవశాస్త్రశాల రాతికప్పు మీద వేలాది గ్రంథములు చేరినవి. పదునెనిమిదవ శతాబ్ది ఆరంభమున, దక్షిణపుగోడ వెలుపలికి వాలుచున్నదని గుర్తించిరి. అపుడు సర్ క్రిస్టఫర్ రెన్ సలహాతో గోడకు ఊతకట్టడములు బలపరచిరి. లండనులో సెయింట్ పాల్ చర్చిని నిర్మించిన ఆ మహాశిల్పి ఒకప్పుడు ఆక్సుఫర్డులోనే ఖగోళశాస్త్ర ఆచార్యుడు. అంతకుముందు 1669లో, పక్కనే తాను కట్టిన షెల్డోనియన్ శాలకు ఊరేగింపులు సాగుటకై దైవశాస్త్రశాల ఉత్తరపుగోడలో ఒక ద్వారమును తీర్చినవాడును ఆయనయే. గణితమెరిగినవాని చేతిలో ఆ పాత గోడ మూడు శతాబ్దులు అదనముగా నిలిచెను.

పదునెనిమిదవ శతాబ్ది నడచుకొలది రెండు మార్పులు ఒకదానికొకటి ఎదురు వచ్చినవి. ముంగిలి చుట్టును గల శాస్త్రశాలలలో బోధన సన్నగిలెను. బోధన కళాశాలలకు తరలెను. నోటి వాదములు పేరునకు మాత్రము జరుగు తంతులయ్యెను. గ్రంథాలయమున పుస్తకములు మాత్రము నానాటికి పెరుగుచుండెను. అంతకుముందే గ్రంథాలయము ఒక పొరపాటును చేసియుండెను. 1623లో అచ్చైన షేక్స్పియరు నాటకముల తొలి సంపుటము ఒప్పందము ప్రకారము దానికి చేరియుండెను. 1664 ప్రాంతమున కొత్త ముద్రణము రాగా పాతది అక్కరలేదని అమ్మివేసిరి. ఆ ప్రతియే 1905లో బయటపడెను. 1906లో చందాలెత్తి 3,000 పౌనులిచ్చి దానిని తిరిగి కొనిరి. అక్కరలేనిదని నేడు అనుకొన్నది రేపు అమూల్యము కావచ్చునని ఆ ప్రతి నేటికిని అచట సాక్ష్యమిచ్చుచున్నది.

1788లో మొదటి మేడలోని శాస్త్రశాలలు గ్రంథాలయమునకు ఈయబడెను. పుస్తకములు ఒక అంతస్తు దిగినవి. పందొమ్మిదవ శతాబ్దిలో నేలమీది శాలలును ఒక్కొక్కటిగా గ్రంథాలయమున కలిసెను. పరీక్షలకొరకు హై వీధిలో థామస్ గ్రాహం జాక్సన్ రూపొందించిన వేరొక పెద్దభవనము 1882లో సిద్ధమయ్యెను. మాట అచటికి తరలిపోయెను. ఇల్లంతయు పుస్తకములదయ్యెను. ఐనను ద్వారములమీది పేళ్లను ఎవ్వరును చెరుపలేదు. తర్కశాలయని వ్రాసిన ద్వారమున ప్రవేశించినవానికి లోపల తార్కికుడు కనిపింపడు. ద్వారము మాత్రము తన పుట్టిన పేరును మరువలేదు.

అంతటితోనైన ఆగలేదు. జేమ్సు గిబ్సు నిర్మించి 1749లో తెరచిన రాడ్క్లిఫ్ కామెరా అను గుండ్రని గ్రంథశాల 1860ల దశాబ్ది నుండి బోడ్లియనునకు చదువుగదియయ్యెను. దానికిని పాతభవనమునకును నడుమనున్న ముంగిలి క్రింద 1909–12 సంవత్సరములలో పుస్తకములకై నేలమాళిగ త్రవ్విరి. పుస్తకములు భూమిలోనికి దిగినవి. పిమ్మట వీధికి ఆవల సర్ గైల్సు గిల్బర్ట్ స్కాట్ రూపొందించిన కొత్త బోడ్లియన్ లేచెను. 1946లో ఆరవ జార్జి రాజు దానిని తెరువబోగా వెండితాళపుచెవి తాళములోనే విరిగిపోయెను. ఆ భవనమునే మరమ్మతు చేసి వెస్టన్ గ్రంథాలయమను పేర 2015లో ప్రజలకు తెరచిరి. 2010లో స్విండన్ పట్టణమున పెద్ద నిలువశాలను కట్టిరి. అందలి అలమారుల పొడవు 153 మైళ్లు. హంఫ్రీ ప్రభువు మేడగదిలో కిటికీల నడుమ ఇమిడిన గ్రంథాలయమునకు ఇది సంతానము.

ఈ భవనముతో మన బంధమును స్మరింపవలసి ఉన్నది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు 1931 నుండి 1936 వరకు ఉపాధ్యక్షులుగా ఉండిన డాక్టరు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1936లో ఆక్సుఫర్డున ప్రాచ్యమతములకును, నీతిశాస్త్రమునకును స్పాల్డింగ్ ఆచార్యులైరి. 1952 వరకు ఆ పీఠమున ఉండిరి. వారు సభ్యులుగా ఉండిన ఆల్ సోల్సు కళాశాల రాడ్క్లిఫ్ ముంగిలి నంటియే ఉన్నది. బోడ్లీ ఇంటినుండి అచటికి నాలుగడుగులు. ఇక ఆ గ్రంథాలయమున భద్రముగా ఉన్న భారతీయ వ్రాతప్రతులలో బక్షాలీ గణితప్రతి ఒకటి. 1881లో పెషావరు చెంత బక్షాలీ గ్రామమున భూమిలో దొరికిన ఆ భూర్జపత్రములు 1902లో బోడ్లియనునకు చేరినవి. అందు శూన్యమును చుక్కగా వ్రాసియున్నారు. ఎవ్వరు వ్రాసిరో తెలియని ఆ చుక్కను ఎక్కడి దేశమువారో కాపాడుచున్నారు.

ఈ చరిత్రను ఒక్కమారు వెనుదిరిగి చూతము. పదునైదవ శతాబ్దిలో పుస్తకములు మేడమీద ఉండెను. మాట నేలమీద ఉండెను. పిమ్మట పుస్తకములు మెట్టు మెట్టుగా దిగుచు మాట కూర్చున్న చోటులనన్నిటిని ఆక్రమించి, తుదకు భూగర్భమున ప్రవేశించెను. దీనిని మాట ఓటమియని అనుకొనరాదు. శాలలలో వాదించినవారి మాటలు గాలిలో కలిసినవి; వారిలో వ్రాసియుంచినవారు మాత్రమే నేడు ఆ గదులలో పాఠకునితో మాటలాడుచున్నారు. మాట వ్రాతయైననే గాని రెండవ తరము వినదు. రేడియోలో రాత్రి విన్న ప్రసంగమును మరల చూచుకొనుటకై ఇట్టి పత్రికలో అచ్చువేయుటకును మూలమున ఉన్నది ఆ ఎరుకయే.

మరియొక సంగతి. 1550లో ఆ భవనమంతయు ఉండియు గ్రంథాలయము నశించెను. 1602లో అదే భవనమున అది పునర్జన్మమెత్తెను. రాయి రెండుమారులును ఒకటే. రెండవమారు దానికి తోడు నియమము, రాబడి, ఏండ్ల తరువాత రాబోవు పాఠకునికై నేడు చోటుంచు మనసు కూడినవి. నాలుగు వందల ఏండ్లు గడచినను, అది నశింపక పెరిగినది. మన ఊళ్లలోను పాతబడులు, సత్రములు, కచేరీలు గ్రంథాలయములగుచున్నవి; ఇకముందును కాగలవు. గోడలకు వెల్లవేసి, పేరుపలక తగిలించినంత మాత్రమున ఇల్లు గ్రంథాలయము కాదు. ఎవడును చదువలేని చీనా పుస్తకమునుగూడ, ఎన్నటికైన ఒకడు రాకపోడను నమ్మికతో దుమ్ము తుడిచి ఉంచువాడు ఆ ఇంట ఉన్ననాడే అది గ్రంథాలయమగును.